కొత్త బ్యాటరీ వేసినా స్మోక్ డిటెక్టర్ కిచ్ కిచ్ మంటూనే ఉంది, ఏం చేయాలి?

నిద్రమత్తు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో నాలుగు స్మోక్ డిటెక్టర్లు ఉన్నాయి. అన్నీ సీలింగ్‌కి బిగించి కరెంటు లైనుకు కలిపినవే. కరెంటు పోయినా పనిచేయాలని లోపల 9 వోల్టుల బ్యాటరీ కూడా ఉంటుంది. వాటిలో హాల్లో ఉన్నది నిమిషానికోసారి కిచ్ మంటోంది. పగలు ఇంటి చప్పుళ్లలో పట్టించుకోం గానీ, రాత్రి పడుకుంటే ప్రాణం తీస్తోంది. ఒక కూతకీ ఇంకో కూతకీ మధ్య నిద్ర పట్టేలోపే మళ్లీ కిచ్.

కొత్త బ్యాటరీ వేశాను, తేడా లేదు. విసుగొచ్చి బ్యాటరీ మొత్తం తీసేశాను. అయినా కూస్తోంది! బ్యాటరీ లేకుండా ఎలా కూస్తుందండీ?

ఇంకో సంగతి. అప్పుడప్పుడు వంట జరుగుతుండగా నాలుగూ ఒకేసారి మోత మొదలుపెడతాయి. పాప ఉలిక్కిపడి లేచి ఏడుస్తోంది. ఈ రెండూ ఒకే సమస్యా, వేరువేరా?

---

తీగలు_మీటర్లు

రెండూ వేరు. నిమిషానికోసారి ఒక్క కూత వస్తోందంటే అది పొగ గురించి కాదు, తన గురించి చెప్పుకుంటోంది. బ్యాటరీ అయిపోవచ్చిందనో, సెన్సార్ పాడైందనో, వయసైపోయిందనో. పొగ తగిలితే వచ్చేది పెద్ద మోత: మూడు బీప్‌లు, కాస్త విరామం, మళ్లీ మూడు బీప్‌లు.

బ్యాటరీ తీసినా ఎందుకు కూస్తోందంటే, మీది కరెంటు లైను మీద ఉంది కదా. దానికి ప్రాణం కరెంటు నుంచి వస్తోంది. "నా బ్యాటరీ ఏది?" అని అడుగుతోంది. కాబట్టి తీసేయడం వల్ల కూత ఆగదు, ఇంకా ఖాయమవుతుంది.

ఇలా చేసి చూడండి. ముందు ఆ లైను బ్రేకర్ ఆపండి. డిటెక్టర్‌ని అపసవ్య దిశలో తిప్పితే ప్లేటు నుంచి ఊడుతుంది. వెనకాల ఉన్న ప్లాస్టిక్ కనెక్టర్ నొక్కి లాగండి. బ్యాటరీ కూడా లేకుండా చూసుకుని, టెస్ట్ బటన్‌ని ఒక 15, 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల కెపాసిటర్‌లో మిగిలిన చార్జి పోతుంది. ఆ సమయంలో ఒకసారి గట్టిగా అరిచి చల్లారొచ్చు, కంగారు పడకండి. తర్వాత కొత్త బ్యాటరీ వేసి, కనెక్టర్ పెట్టి, బ్రేకర్ ఆన్ చేయండి. పాత హెచ్చరిక మెమరీలో ఉండిపోయి కూసేవి దీనితో నోరు మూస్తాయి.

బ్యాటరీ విషయంలో రెండు మాటలు. గోడ గడియారంలో వేసే చవక కార్బన్-జింక్ రకం పనికిరాదు. రీచార్జబుల్ కూడా వద్దు, వోల్టేజి తక్కువ, ఊరికే ఉన్నా చార్జి దిగిపోతుంది. ఆల్కలైన్ గానీ లిథియం గానీ వేయాలి. ఏ రకం వేయాలో డిటెక్టర్ వెనకాలే రాసి ఉంటుంది. అలాగే బ్యాటరీ మూత పూర్తిగా మూసుకుందో లేదో చూడండి. అర మిల్లీమీటరు తెరిచి ఉన్నా కూసేవాటిని చాలా చూశాను.

---

అనుమానాల పుట్ట

ఇంత తతంగం ఎందుకండీ? పీకి అలమారలో పడేయండి. మేం అదే చేశాం, ఇల్లు ప్రశాంతంగా ఉంది. మంట అంటుకుంటే వాసన రాదా ఏమిటి?

---

కొలతబద్ద

> మంట అంటుకుంటే వాసన రాదా ఏమిటి?

మెలకువగా ఉంటే వస్తుంది. నిద్రలో ముక్కు మనల్ని నమ్మకంగా లేపదు, చెవే లేపాలి. పైగా మంటలో పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే లేదు. మనిషిని మత్తులోకి నెడుతుంది. పొగకు మెలకువ వస్తుందనుకునే మనిషి ఇంకా గాఢంగా నిద్రపోతాడు. ఈ పరికరం 3 మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ మోత పెట్టేది అందుకే. చెవులు చిల్లులు పడేలా ఉండటం దాని లోపం కాదు, దాని ఉద్యోగమే అది.

మీరు పీకేసింది దేనికో కూడా చెప్పండి, కూతకా, దొంగ మోతకా? రెండిటికీ మందు ఉంది.

---

అనుమానాల పుట్ట

మోతకే. స్నానం చేసి తలుపు తీస్తే చాలు, ఇల్లు దద్దరిల్లేది.

---

కొలతబద్ద

అయితే అది చోటు తెచ్చిన సమస్య. బాత్రూమ్ తలుపు నుంచి కనీసం ఒక మీటరు దూరం ఉండాలి, ఇంకా ఎక్కువైతే ఇంకా మంచిది. ఏసీ గాలి నేరుగా కొట్టే చోటా, సీలింగ్ ఫ్యాన్ రెక్కల పక్కనా కూడా పెట్టకూడదు, వాటికీ మీటరు దూరం లెక్కే. ఆవిరి ఎందుకు మోగిస్తుందో తెలిస్తే మీ కోపం కొంత తగ్గుతుంది.

ఇప్పుడు ఎక్కువగా దొరికేవి ఫోటోఎలక్ట్రిక్ రకం. లోపల చీకటిగా నల్లటి చిన్న అర ఉంటుంది. ఒక మూల ఎల్ఈడీ, దానికి ఎదురుగా కాకుండా కోణంలో ఒక కాంతి సెన్సార్. మామూలుగా ఆ కాంతి సెన్సార్‌కి తగలదు. పొగ లోపలికి వస్తే ఆ రేణువుల మీద కాంతి చెదిరి సెన్సార్ మీద పడుతుంది, మోత మొదలవుతుంది. మరి నీటి ఆవిరి చుక్కలు కూడా కాంతిని చెదరగొడతాయి. దుమ్మూ అంతే. చిన్న పురుగు దూరినా అంతే. దానికి "ఇది పొగ, ఇది పురుగు" అనే తెలివి లేదు. హెయిర్ స్ప్రే, గదిలో పెట్టుకునే అల్ట్రాసానిక్ హ్యుమిడిఫైయర్, నేల నునుపు చేసేటప్పుడు లేచే దుమ్ము, అన్నీ దాని దృష్టిలో పొగే.

రెండో రకం అయొనైజేషన్. అందులో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం గ్రాములో పదిలక్షల వంతు కన్నా తక్కువ ఉంటుంది. అది రెండు పలకల మధ్య గాలిలో కరెంటు మోసే కణాలు (అయాన్లు) పుట్టించి సన్నటి కరెంటు పారేలా చేస్తుంది. పొగ రేణువులు అయాన్లని పట్టుకోగానే ఆ కరెంటు తగ్గుతుంది, అలారం మోగుతుంది. మంట ఎగసిపడే నిప్పుని ఇది తొందరగా పట్టేస్తుంది. పరుపో సోఫానో లోపల్లోపల రాజుకుంటూ దట్టమైన పొగ వదులుతుంటే ఫోటోఎలక్ట్రిక్ ముందుంటుంది. వంటింటి పొగకి అనవసరంగా అరిచేది మాత్రం ఎక్కువగా అయొనైజేషనే. నూనె కాగినప్పుడు కంటికి కనపడని సన్నటి రేణువులు లేస్తాయి, అవి దానికి బాగా తగులుతాయి.

---

అనుమానాల పుట్ట

రేడియోధార్మిక పదార్థమా! పిల్లలున్న ఇంట్లో సీలింగ్‌కి తగిలించుకుని పడుకుంటున్నామా?

---

కొలతబద్ద

అది వదిలేవి ఎక్కువగా ఆల్ఫా కణాలు. కాగితం ముక్క అడ్డుపెడితే ఆగిపోతాయి, గాలిలో కొన్ని సెంటీమీటర్లు దాటవు. డబ్బా మూసి ఉన్నంతవరకు భయం లేదు. చేయకూడనిది ఒక్కటే: దాన్ని పగలగొట్టి లోపల ఏముందో చూడటం. అమెరీషియం అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, సుమారు 432 ఏళ్లు కాబట్టి అది అయిపోయి డిటెక్టర్ పాడైందని ఎవరైనా అంటే నమ్మకండి. పాడయ్యేది చుట్టూ ఉన్న ఎలక్ట్రానిక్స్, పేరుకున్న దుమ్ము.

ఒక పిట్టకథ. 1930లలో వాల్టర్ యేగర్ అనే స్విస్ భౌతిక శాస్త్రవేత్త విషవాయువుని పసిగట్టే సెన్సార్ కోసం తంటాలు పడ్డాడట. విషవాయువుకి అది ఉలకలేదు, పలకలేదు. నీరసపడి సిగరెట్ వెలిగిస్తే మీటరు ముల్లు కదిలింది. అంటే ఈ పరికరం పుట్టుకలోనే దొంగ మోత ఉంది :)

---

నిద్రమత్తు

తీగలు గారూ, మీరు చెప్పినట్టే బ్రేకర్ ఆపి, బటన్ నొక్కి, కొత్త ఆల్కలైన్ వేసి బిగించాను. పచ్చ లైటు వెలుగుతోంది. కానీ కూత ఆగలేదు. ఒకటి గమనించాను: ఎర్ర లైటు మెరిసినప్పుడు కూత రావడం లేదు, రెండు మెరుపుల మధ్యలో వస్తోంది. దీనికేమైనా అర్థం ఉందా?

---

తీగలు_మీటర్లు

ఉంది, మంచి గమనిక. చాలా మోడళ్లలో లైటు మెరుపూ కూతా కలిసి వస్తే బ్యాటరీ, విడివిడిగా వస్తే సెన్సార్ లోపం. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి మీ మాన్యువల్ ఒకసారి చూడండి.

ఇంకా ముఖ్యంగా, వెనక్కి తిప్పి తయారీ తేదీ చదవండి. స్మోక్ డిటెక్టర్ ఆయుష్షు 10 ఏళ్లు. కొన్న రోజు నుంచి కాదు, బిగించిన రోజు నుంచి కాదు, తయారైన తేదీ నుంచి.

---

నిద్రమత్తు

చూశాను. తెల్లటి డబ్బా పసుపు రంగుకి తిరిగింది. లేబుల్ మీద తేదీ ప్రకారం పన్నెండేళ్లు దాటాయి. మేం ఈ ఇంటికి రాకముందే పెట్టినవి. మిగతా మూడూ అదే నెలలో తయారైనవి, కానీ అవి కూయడం లేదు. వాటిని ఉంచేయొచ్చా?

---

తీగలు_మీటర్లు

ఉంచొద్దు. కూయకపోవడం బాగున్నట్టు లెక్క కాదు. పాత మోడళ్లలో చాలావాటికి వయసైపోయిందని చెప్పే ఏర్పాటే ఉండదు, మౌనంగా గుడ్డివైపోతాయి. నాలుగూ ఒకేసారి మార్చండి. కరెంటు లైనుతో కలిపినవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఒకే కంపెనీవి, ఒకదానికొకటి సరిపడే మోడళ్లు అయి ఉండాలి. వేరే కంపెనీది కలిపితే మోత అసలు పాకకపోవచ్చు, లేదా ఊరికే మోగొచ్చు. వైరింగు మార్చనక్కర్లేదు గానీ ప్లేటూ కనెక్టరూ కొత్తదానితో వచ్చినవే వాడాలి. పాత కనెక్టర్ పట్టింది కదా అని బలవంతంగా దూర్చకండి. వైర్ల పని తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

---

వంటింట్లో సగం జీవితం

ఈ చర్చ చూసి చేరాను. నా బాధ మీ రెండో ప్రశ్న. కూతలు లేవు, మోతలే. పొయ్యి మీద ఏదైనా కాస్త మాడితే చాలు, ఇంటిల్లిపాదీ పరుగులు. నేను తువ్వాలు ఊపుతూ కుర్చీ ఎక్కి నిలబడతాను. అది వంటింటి ద్వారానికి సరిగ్గా పైన ఉంది.

---

కొలతబద్ద

ద్వారం పైనే ఉంటే అది తన పని తాను చేస్తోంది, తప్పు చోటులో ఉండి. అమెరికా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 72 ప్రకారం పొయ్యి నుంచి 3 మీటర్ల లోపు స్మోక్ అలారం సాధారణంగా పెట్టకూడదు. 3 నుంచి 6 మీటర్ల మధ్య పెట్టాల్సి వస్తే వంట పొగకి తొందరపడని రకం, లేదా హష్ బటన్ ఉన్నది వాడాలి. మీది ఏ రకమో చూడండి. వెనకాల మూడు రేకుల రేడియేషన్ గుర్తో, అమెరీషియం అనో ఉంటే అయొనైజేషన్. దాన్ని మార్చి ఫోటోఎలక్ట్రిక్ పెట్టి, కొంచెం దూరం జరిపితే సగానికి పైగా గొడవ తీరుతుంది.

స్మోక్ అలారాలకి ఉన్న ఇంకో అమెరికా ప్రమాణం యూఎల్ 217, దాని ఎనిమిదో కూర్పులో ఒక కొత్త పరీక్ష చేర్చారు. మాంసం కాల్చేటప్పుడు వచ్చే పొగకి అలారం తొందరపడి మోగకూడదు, కానీ సోఫాలో ఉండే పాలీయురెథేన్ ఫోమ్ తగలబడితే మోగాలి. ఆ కూర్పు ప్రకారం తయారైనవి దొరికితే తీసుకోండి. వంటకీ అగ్నిప్రమాదానికీ తేడా పట్టడంలో పాతవాటికన్నా మెరుగు.

---

తీగలు_మీటర్లు

దీనికి నేను ఇంకో దారి చెబుతాను. వంటింటి లోపల స్మోక్ డిటెక్టర్ కాదు, హీట్ డిటెక్టర్ పెట్టండి. పొగని పట్టించుకోదు. గది వేడి సుమారు 57 డిగ్రీల సెల్సియస్ దాటితే మోగుతుంది, కొన్ని రకాలు వేడి ఒక్కసారిగా పెరిగినా మోగుతాయి. వంట ఎంత మాడినా అలగదు.

---

కొలతబద్ద

ఒప్పుకుంటాను, కానీ ఒక షరతు. హీట్ డిటెక్టర్ మోగేసరికి నిప్పు బాగా పెరిగి ఉంటుంది. అది వంటింట్లో అదనం, స్మోక్ అలారానికి బదులు కాదు. వంటింటి బయట, పడకగదుల దగ్గర పొగ పట్టేది ఉండాల్సిందే.

---

తీగలు_మీటర్లు

బదులని నేనెక్కడ అన్నాను? సరే, రాసి ఉంటే స్పష్టంగా ఉంటుంది.

---

వంటింట్లో సగం జీవితం

ఇద్దరికీ ధన్యవాదాలు, గొడవపడకండి. ఆ హష్ బటన్ సంగతేమిటి? నాదాంట్లో ఒకే బటన్ ఉంది, దాన్ని నొక్కితే ఇంకా గట్టిగా అరుస్తుందేమోనని భయం.

---

తీగలు_మీటర్లు

చాలావాటిలో టెస్టుకీ హష్‌కీ ఒకటే బటన్. మామూలప్పుడు నొక్కితే టెస్ట్ మోత, మోగుతుండగా నొక్కితే హష్. దాదాపు 10 నిమిషాలు దాని సున్నితత్వం తగ్గుతుంది. ఆలోపు కిటికీ తీసి, ఎగ్జాస్ట్ వేస్తే సరిపోతుంది. హష్‌లో ఉండగా పొగ మరీ దట్టమైతే మళ్లీ మోగుతుంది కాబట్టి ప్రమాదం లేదు. కుర్చీ ఎక్కక్కర్లేదు, చీపురు కర్ర వెనక వైపుతో నొక్కండి.

ఇల్లంతా కలిపిన సెట్ అయితే ఏది మొదలుపెట్టిందో దాని దగ్గరే నొక్కాలి. వేరేదాని మీద నొక్కితే ఆగదు. మొదలుపెట్టినదాని మీద ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటుంది, మిగతావాటిలో అలా ఉండదు. కొన్ని మోడళ్లు మోత ఆగాక కూడా ఆ గుర్తు చూపిస్తాయి. నిద్రమత్తు గారూ, మీకూ ఇదే: నాలుగూ ఒక్కసారి మోగినా నేరస్తురాలు ఒక్కటే.

---

పై అంతస్తు

నాది ఇంకో రకం. తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య, చలికాలంలోనే, పూర్తి మోత. పొగ లేదు, వంట లేదు, ఆవిరి లేదు. రెండు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. ఇంట్లోవాళ్లు దెయ్యం అంటున్నారు. వయసు నాలుగేళ్లే, అది కూడా చూశాను. మా పైన స్లాబు కాదు, ఖాళీ అటక.

---

కొలతబద్ద

దెయ్యం వైరు కన్నంలో ఉంది. సీలింగ్‌లో వైరు దిగే రంధ్రం మూయకపోతే, అటక లోంచి చల్లగాలి ఆ కన్నం గుండా డిటెక్టర్ వెనక నుంచి లోపలికి వస్తుంది. గది గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. రెండూ కలిసే చోట సెన్సార్ అరలో తేమ పడుతుంది, అటక దుమ్ము కూడా ఆ గాలితో వస్తుంది. తెల్లవారుజామున చలి ఎక్కువ కాబట్టి అప్పుడే. వైరు చుట్టూ ఉన్న ఖాళీని సీలెంట్‌తో మూయండి, డిటెక్టర్ వెనక కన్నాలు మూయకుండా.

బ్యాటరీ కూతలు కూడా రాత్రిపూటే మొదలవడానికి కారణం చలే. చల్లబడితే బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగించి వోల్టేజి పడుతుంది. పగలు హద్దు దగ్గర నెట్టుకొస్తున్న బ్యాటరీ తెల్లవారుజామున హద్దు దాటుతుంది. ఎండెక్కగానే మళ్లీ ఊరుకుంటుంది. మనం ఏమో బాగయిందనుకుని మర్చిపోతాం.

---

తీగలు_మీటర్లు

దానికి ముందు తేలిక పని చేయండి: శుభ్రం. వ్యాక్యూమ్ క్లీనర్‌కి మెత్తటి బ్రష్ తగిలించి చుట్టూ ఉన్న సందుల మీద మెల్లగా తిప్పండి. ఆరు నెలలకోసారి చాలు. చిన్న సాలీడు లోపల కాపురం పెట్టినా మూడు గంటలకి ఇలాగే మోగుతుంది. పురుగుల మందు మాత్రం దాని మీద కొట్టకండి, అది సెన్సార్ మీద పొరగా పేరుకుంటుంది. తడి గుడ్డతో లోపల తుడవడం, విప్పి కడగడం, అవీ వద్దు.

---

అనుమానాల పుట్ట

సరే, నేనూ మారానులెండి. అలమారలోంచి తీసి చూశాను, ఆరేళ్లది, పనిచేస్తోంది. బాత్రూమ్‌కి దూరంగా నడవా చివర పెడదామనుకుంటున్నాను. సీలింగ్ బదులు గోడకి కొడితే తప్పా? నిచ్చెన ఎక్కే ఓపిక లేదు.

---

తీగలు_మీటర్లు

గోడకి పెట్టొచ్చు, కానీ పైన. సీలింగ్ నుంచి 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. పొగ ముందు పైకి వెళ్లి సీలింగ్ కింద పరుచుకుంటుంది. తల ఎత్తులో పెడితే అది తెలుసుకునేసరికి మీకూ తెలిసిపోతుంది. గోడా సీలింగూ కలిసే మూల వదిలేయండి, అక్కడ గాలి కదలదు.

---

ఒంటరి కూత

నాది చిన్న ప్రశ్న. కూత వినిపిస్తోంది, ఎక్కడి నుంచో తెలీడం లేదు. ఈ గదిలోకి వెళ్తే ఆ గదిలో, ఆ గదిలోకి వెళ్తే ఈ గదిలో. అన్ని డిటెక్టర్ల కిందా నిలబడ్డాను. పిచ్చెక్కుతోంది.

---

కొలతబద్ద

మీకు పిచ్చి కాదు, చెవి తీరే అంత. ఈ కూత సుమారు 3 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బొంగురు శబ్దాలకి రెండు చెవులకీ చేరే సమయంలో తేడాతోనూ, బాగా కీచుగా ఉన్నవాటికి తల అడ్డుపడి తగ్గే గట్టిదనంతోనూ మెదడు దిక్కు పసిగడుతుంది. 3 కిలోహెర్ట్జ్ ఆ రెండు పద్ధతుల మధ్య సందులో పడుతుంది. పైగా కూత క్షణం కూడా ఉండదు, గోడల మీద తగిలి చెదురుతుంది. తల తిప్పేలోపే అయిపోతుంది.

పద్ధతి: నడుస్తూ వెతకొద్దు. ఒక గదిలో తలుపు మూసుకుని కూత కోసం ఆగండి. గట్టిగా వినిపిస్తే ఇక్కడే, మందంగా వినిపిస్తే బయట. అలా గది గదికీ తేల్చుకుంటూ పోండి. ఇద్దరుంటే ఇంకా సులువు, ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకరొక గదిలో నిలబడొచ్చు.

---

తీగలు_మీటర్లు

ఇంకో మాట. సీలింగ్ వైపే చూస్తున్నారేమో. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఏదైనా ఉందా? అది గోడకో, షెల్ఫ్ మీదో, ప్లగ్‌కో ఉంటుంది. దాని ఆయుష్షు స్మోక్ డిటెక్టర్ కన్నా తక్కువ. పాతవి 5, 7 ఏళ్లు, కొత్తవాటిలో కొన్ని 10.

---

ఒంటరి కూత

దొరికింది! గ్యాస్ హీటర్ పక్క షెల్ఫ్‌లో, పుస్తకాల వెనక. తెర మీద "ఎండ్" అని చూపిస్తోంది. బ్యాటరీ మారిస్తే చాలా?

---

తీగలు_మీటర్లు

చాలదు, కొత్తది కొనాలి. అందులోని రసాయన సెన్సార్ ఎండిపోతుంది, బ్యాటరీ దాన్ని బాగుచేయలేదు. కొత్తదాన్ని పుస్తకాల వెనక పెట్టకండి, గాలి తగలాలి.

ఇక్కడ ఒక్కటి అందరూ గుర్తుపెట్టుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం అసలు హెచ్చరిక నాలుగు బీప్‌లు, విరామం, మళ్లీ నాలుగు. పొగకి మూడు, దీనికి నాలుగు. నాలుగు వింటే పొగ కనపడలేదు కదా, దొంగ మోతే అనుకుని బటన్ నొక్కి పడుకోకూడదు. ఆ వాయువు కనపడదు, వాసన రాదు. అందరూ బయటికి వచ్చి, అక్కడి నుంచి అత్యవసర సహాయానికి ఫోన్ చేయండి. తలనొప్పి, తల తిరగడం, వికారం ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. వాళ్లొచ్చి చూసేదాకా లోపలికి వెళ్లొద్దు.

---

ఏడో అంతస్తు

మా బిల్డింగ్‌లో ఫ్లాట్ లోపలి డిటెక్టర్లన్నీ కింద ఒక ప్యానెల్‌కి కలిపి ఉన్నాయి. నాది కొన్ని సెకన్లకోసారి ఎర్రగా మెరుస్తోంది. కూత లేదు. పాడైందా? తీసి చూడొచ్చా?

---

తీగలు_మీటర్లు

మెరవడం మామూలే. ప్యానెల్ "ఉన్నావా?" అని అడుగుతుంటే అది "ఉన్నాను" అంటోంది. ఆరకుండా ఎర్రగా వెలుగుతుంటే అది అలారం. మీరు మాత్రం తీయకండి. తీసిన వెంటనే కింద ప్యానెల్‌లో ఫాల్ట్ పడుతుంది, కొన్ని వ్యవస్థల్లో ఆ లైనులో మిగతావి కూడా దెబ్బతింటాయి. మెయింటెనెన్స్ వాళ్లకి చెప్పండి. దాని మీద నారింజ రంగో ఎర్ర రంగో ప్లాస్టిక్ టోపీ ఉందేమో కూడా చూడండి. కట్టేటప్పుడు దుమ్ము పడకుండా పెట్టే టోపీ అది, తీయకుండా వదిలేసిన ఫ్లాట్లు చాలా ఉంటాయి. టోపీ ఉంటే డిటెక్టర్ ఉన్నా లేనట్టే.

---

నిద్రమత్తు

అప్‌డేట్. నాలుగూ మార్చాం, ఎలక్ట్రీషియన్ వచ్చి బిగించాడు. ఫోటోఎలక్ట్రిక్ రకం, లోపల పదేళ్ల సీల్డ్ లిథియం బ్యాటరీ. వంటింటి దగ్గరది నడవాలోకి జరిపించాం. కూత లేదు, నిన్న నూనె బాగా కాగినా మోత లేదు. ఇకనుంచి బ్యాటరీ మార్చే పనే లేదు కదా?

---

తీగలు_మీటర్లు

మార్చే పని లేదు, టెస్ట్ చేసే పని ఉంది. నెలకోసారి బటన్ నొక్కండి, ఒకటి నొక్కితే నాలుగూ మోగాలి. సీల్డ్ రకంతో నాకున్న పేచీ ఏమిటంటే, మధ్యలో బ్యాటరీ పోతే మొత్తం డబ్బా పారేయాలి. నేనైతే ఏడాదికోసారి బ్యాటరీ మార్చే రకమే ఇష్టపడతాను.

---

కొలతబద్ద

మార్చేవాళ్లకి అది మంచిదే. ఎక్కువమంది మార్చరు, కూసినప్పుడు పీకి వేరే బొమ్మలోనో రిమోట్‌లోనో వేస్తారు. అలాంటి ఇళ్లకి సీల్డే మేలు. చెవులు సరిగా వినపడని పెద్దవాళ్లు ఉంటే మాత్రం 520 హెర్ట్జ్ బొంగురు మోత ఇచ్చేవో, పరుపు కింద కంపించేవో ఉంటాయి. వయసుతోపాటు ముందు పోయేది కీచు శబ్దాలు వినే శక్తే.

---

అనుమానాల పుట్ట

పాతవి ఎక్కడ పారేయాలి? ఆ అమెరీషియం ఉన్నవి చెత్తబుట్టలో వేయొచ్చా?

---

కొలతబద్ద

మీ ప్రాంతంలో నియమం ఏమిటో కనుక్కోండి, చోటు చోటుకీ మారుతుంది. కొన్ని తయారీదార్లు వెనక్కి తీసుకుంటారు. ఎలా పారేసినా పగలగొట్టొద్దు, కాల్చొద్దు. 9 వోల్టుల బ్యాటరీ రెండు మొనలూ పక్కపక్కనే ఉంటాయి. డ్రాయర్‌లో తాళం చెవో పిన్నో వాటికి అడ్డంగా పడితే వేడెక్కి నిప్పే పుడుతుంది. మొనల మీద టేపు అంటించి ఉంచండి.

---

నిద్రమత్తు

చివరగా ఒకటి. వచ్చే వారం హాలుకి పెయింట్ వేయిస్తున్నాం. గోడలు గీకే దుమ్ము వస్తుంది. కొత్తవి ఇప్పుడే తీయించాలా?

---

తీగలు_మీటర్లు

తీయక్కర్లేదు. పని జరిగే గంటల్లో ప్లాస్టిక్ కవర్ చుట్టి టేపు వేయండి, రోజూ సాయంత్రం పని ఆగగానే విప్పేయండి. దాని మీద పెయింట్ పడకుండా చూసుకోండి. సందులు మూసుకుపోతే కొత్తదైనా మార్చాల్సిందే. టేపు తెల్లది వద్దు, నీలం రంగో ఎరుపో వాడండి. తెల్లదైతే సీలింగ్‌లో కలిసిపోయి, కవర్ అలాగే ఉండిపోతుంది.